లారీలోని గాలి మిగులు గాలి కాదు

లారీ ఇంజనుకు బిగించిన కంప్రెషరు ఎలాగూ తిరుగుతూనే ఉంటుందనీ, ఛాసిస్ కింద ఉన్న ట్యాంకుల్లో గాలి ఎప్పుడూ నిండుగానే ఉంటుందనీ, దానికి ఒక పైపు కలుపుకొంటే చక్రాల నట్లు విప్పే గన్ను మొదలుకొని గ్రైండరు, డ్రిల్లు, చివరకు బండను పగలగొట్టే సుత్తి దాకా ఏ పనిముట్టునైనా ఖర్చు లేకుండా నడుపుకోవచ్చుననీ లారీ యజమానుల్లోనూ, డ్రైవర్లలోనూ, రోడ్డు పక్క మెకానిక్కుల్లోనూ ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయి ఉంది. మడకశిర వంటి చోట ఈ అభిప్రాయానికి మరింత బలం చేకూరడం సహజమే. 2022లో అనంతపురం నుంచి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి మూడు వైపులా కర్ణాటక తాలూకాలే ఉన్నాయి. హిందూపురం దాటి శిర వైపో పావగడ వైపో వెళ్లే బండి దారిలో చెడితే, పనిముట్లన్నీ ఉన్న వర్క్‌షాపు దగ్గరలో దొరుకుతుందన్న భరోసా లేదు. అంతకుమించి, ఇక్కడి జనానికి గాలితో నడిచే యంత్రాలు కొత్త కావు. బావి లోతు చేయాలన్నా, బోరు వేయాలన్నా, గుట్టలో రాయి తీయాలన్నా కంప్రెషరు చప్పుడు వినకుండా జరగదు. గాలి బండను తొలచగలదని కళ్లారా చూసినవారు, లారీలో ఉన్నదీ ఆ గాలే కదా అని అనుకోవడంలో వింత లేదు.

ఈ వాదనను దాని బలమైన రూపంలోనే ఎదుర్కోవాలి. వాదించేవారు చూపే ఆధారాలు కల్పితాలు కావు. టైరుకు గాలి పట్టుకోవడానికి తయారీదారులే చాలా లారీల్లో ఒక ముక్కు అమర్చి ఇస్తున్నారు. హారను, క్లచ్ బూస్టరు, కొన్ని బండ్లలో డ్రైవరు సీటు కూడా ఆ గాలితోనే పనిచేస్తున్నాయి. బండి నిలిచి ఉన్నప్పుడు బ్రేకులకు గాలితో పని లేదు కాబట్టి ఆ వ్యవధిలో దాన్ని మరొక పనికి వాడుకుంటే నష్టమేమిటన్న ప్రశ్న కూడా కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఈ ఆధారాలన్నిటి అడుగున, ట్యాంకులో ఉన్నది అవసరానికి మించిన గాలి అన్న ఊహ ఒకటి దాగి ఉంది, ఆ ఊహే తప్పు. లారీలోని గాలి బండిని ఆపడానికి లెక్కగట్టి దాచిన నిల్వ. దాన్ని నింపే కంప్రెషరు ఆ నిల్వను తిరిగి పూడ్చడానికి సరిపోయే పరిమాణంలోనే ఉంటుంది తప్ప పనిముట్లను పోషించే పరిమాణంలో ఉండదు.

పొరపాటు మొదలయ్యేది గేజి దగ్గర. డ్యాష్‌బోర్డు మీది ముల్లు చూపేది పీడనాన్ని, అంటే గాలి ఎంత బలంగా నొక్కుకొని ఉందన్న సంగతిని మాత్రమే. దాని కొలతను బార్లలో చెబుతారు. ఒక బారు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి దాదాపు సమానం. పనిముట్టుకు పీడనం ఒక్కటే చాలదు, నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఆగకుండా అందుతుందన్నది అంతకన్నా ముఖ్యం. ఈ రెండో కొలతను మార్కెట్టులో సీఎఫ్‌ఎం అంటారు, అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని. ఒక ఘనపుటడుగు 28 లీటర్ల పైచిలుకు. మడకశిర రైతుకు ఈ తేడాను విడమరచి చెప్పనక్కర లేదు: బోరులో నీటి మట్టం పైనే ఉన్నా ఊట అర ఇంచే అయితే మోటారు వేసిన కాసేపటికే గాలి మింగుతుందనీ, మట్టం చూసి మోటారు కొన్నవాడు మోసపోతాడనీ అతనికి తెలుసు. లారీ గేజి చూపేది మట్టాన్నే, కంప్రెషరు ఇచ్చేది ఊట. ఎనిమిది బార్లు చూసి మురిసిపోయేవారు ఊట సంగతి అడగడం లేదు.

ఆ ఊట ఎంతో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. లారీ కంప్రెషరు సాధారణంగా ఒకే సిలిండరు గల చిన్న యంత్రం. దాని పిస్టను ఒక్కసారి కదిలితే 300 ఘన సెంటీమీటర్ల గాలిని తోస్తుందనుకుందాం. నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే కాగితం మీద 450 లీటర్లు అవుతుంది గానీ, ఎనిమిది బార్ల ఎదురు పీడనం మీద పనిచేసే చిన్న పిస్టను కంప్రెషరులో అందులో సగానికి కాస్త అటూ ఇటూగా మాత్రమే ట్యాంకుకు చేరుతుంది. అంటే ఇంజను గట్టిగా తిరుగుతున్నప్పుడు నిమిషానికి 250 లీటర్లు, నిలిచిన బండి 600 చుట్ల మీద మందంగా తిరుగుతున్నప్పుడు నూరు లీటర్లు. ఇక కావలసినదెంతో చూస్తే, లారీ చక్రాల నట్లకు వాడే ఒక ఇంచు గన్ను తిరుగుతున్నంతసేపూ నిమిషానికి 800 లీటర్లకు తక్కువ కాకుండా మింగుతుంది. చిన్నదైన అర ఇంచు గన్నుకు కూడా 400 నుంచి 600 లీటర్లు కావాలి. దాని పెట్టె మీద 120 లీటర్లనో అంతకు కాస్త ఎక్కువనో అచ్చు వేస్తారు, అమ్మేవాడు ఆ అంకెనే చూపిస్తాడు. అది గన్ను నిమిషంలో పావు వంతు సమయమే పనిచేసి మిగతా ముప్పావు ఊరికే ఉంటుందన్న భావనతో తీసిన సగటు. ఆపకుండా తిప్పాల్సిన గ్రైండరుకు ఆ సగటు ఎందుకూ పనికిరాదు. చేతితో పట్టుకొని బండకు రంధ్రం వేసే జాక్‌హ్యామరుకైతే నిమిషానికి 2,000 లీటర్ల పైమాటే.

ట్యాంకులో ఉన్న నిల్వ ఆ లోటు పూడుస్తుంది కదా అంటారు. లారీ ట్యాంకులన్నీ కలిపి నూరు లీటర్ల కొలత అనుకొని, ఎనిమిది బార్ల నుంచి ఆరు బార్లకు దిగేదాకా వాడుకుంటే చేతికి వచ్చేది మామూలు గాలి లెక్కన 200 లీటర్లు. ఒక ఇంచు గన్నుకు అది 15 సెకన్ల గ్రాసం. కంప్రెషరు పక్కన పూర్తి వేగంతో నింపుతూ ఉన్నా 22 సెకన్లకు మించదు. తుప్పు పట్టి బిగుసుకున్న నట్లు రెండు మూడు వదులయ్యేసరికి ముల్లు ఆరు దగ్గరికి వస్తుంది. జాక్‌హ్యామరు సంగతి చెప్పనే అక్కరలేదు, ఆరేడు సెకన్లలో దాని మోత ఆగిపోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్నకు తావుంది. అంత పెద్ద బండికి ఆ నూరు లీటర్లే ఎందుకు పెట్టారు? తయారీదారు పిసినారితనం దీనికి కారణం కాదు. ఐరోపా దేశాల బ్రేకు నియమావళి, అంటే ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వెలువడిన 13వ నిబంధన, గాలి ట్యాంకు పరిమాణాన్ని ఒక పరీక్షతో తేలుస్తుంది: కంప్రెషరు నింపడం ఆపేసిన తరువాత బ్రేకు పెడలును ఎనిమిది సార్లు పూర్తిగా తొక్కి వదిలినా, తొమ్మిదో తొక్కుకు అత్యవసర బ్రేకుకు చాలినంత పీడనం మిగిలి ఉండాలి. ఖాళీ ట్యాంకులను నింపడానికి పట్టే సమయానికీ అందులో హద్దు ఉంది; ట్రెయిలరు లాగని బండిలో ఇంజను పూర్తి శక్తినిచ్చే వేగంతో తిరుగుతుండగా ఆరు నిమిషాల్లో నిండాలి. భారతీయ ప్రమాణమైన ఐఎస్ 11852 కూడా చాలావరకు ఈ బాటలోనే నడుస్తుంది. నూరు లీటర్ల ట్యాంకును ఆరు నిమిషాల్లో ఏడు బార్లకు నింపాలంటే నిమిషానికి 120 లీటర్ల లోపు గాలి సరిపోతుంది. కంప్రెషరు ఇంత చిన్నదిగా ఉండటానికి కారణం అదే. దాని పని తొక్కిన బ్రేకుకు ఖర్చయిన గాలిని తిరిగి తేవడమే. ఎక్కువ ఉందని జనం భావిస్తున్న ఆ రెండు మూడు బార్లు, కిందికి దిగే కనుమ దారిలో మాటిమాటికీ తొక్కే బ్రేకుల కోసం దాచినవి. చిత్తూరు, పలమనేరుల నడుమ మొగిలి కనుమలో బరువుతో దిగే లారీకి ఆ ఎనిమిది తొక్కుల లెక్క ఎంత అవసరమో ఆ దారిలో బండి నడిపినవారికి వేరే చెప్పక్కర లేదు.

గాలి బ్రేకు, గాలి పనిముట్టు ఒకే తల్లి పిల్లలు కాబట్టి ఒకదాని గాలిని మరొకదానికి వాడటంలో తప్పు లేదన్న వాదన కూడా కొందరు చదువుకున్నవారి నోట వినిపిస్తుంది. చరిత్రలో దీనికి ఆధారం ఉన్న మాట నిజమే. ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ సెనిస్ సొరంగాన్ని 1857లో తవ్వడం మొదలుపెట్టి, కొన్నేళ్లకు గాలితో నడిచే డ్రిల్లులను దించి, 1871లో రైళ్లకు తెరిచారు. ఆ డ్రిల్లుల గురించి చదివే జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలిని గొట్టాల్లో దూరానికి పంపి రైలు బ్రేకులు వేయించవచ్చునని గ్రహించి 1869లో పేటెంటు పొందాడని చెబుతారు. కానీ ఈ కథ ఆ వాదనకు తోడ్పడకపోగా ఎదురు తిరుగుతుంది. మాంట్ సెనిస్‌లో డ్రిల్లుల గాలిని సొరంగం వెలుపల కొండవాగుల నీటి శక్తితో నడిచే పెద్ద కంప్రెషర్లు తయారు చేశాయి. రైలు బండి మీది గాలి అక్కడికి పోలేదు. మనకు దగ్గరలో కోలారు బంగారు గనులనే తీసుకొంటే, 1902లో శివనసముద్రం నుంచి విద్యుత్తు వచ్చిన ఆ గనుల్లోనూ భూమి అడుగున డ్రిల్లులకు గాలి పంపింది ఉపరితలం మీద స్థిరంగా పాతిన భారీ యంత్రాలే. పైగా వెస్టింగ్‌హౌస్ తన పేరు నిలిపింది మరుసటి మెరుగుదలతో, 1872 నాటి ఏర్పాటుతో. గొట్టంలో గాలి తగ్గితే బ్రేకులు వాటంతట అవే పడేలా దాన్ని అమర్చాడు. గాలి లేకపోవడాన్నే ప్రమాద సూచనగా లెక్కించిన ఆవిష్కర్త వారసత్వాన్ని, ఆ గాలిని కావాలని తోడేయడానికి సాక్ష్యంగా చూపడం విచిత్రం.

చరిత్ర దాకా పోకుండా మడకశిర పొలాల్లో జరిగేదాన్నే కాస్త పరిశీలనగా చూసినా ఈ అభిప్రాయం నిలవదు. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ జాతుల గట్టి రాయి. నీరు ఉంటే దాని పగుళ్లలోనే ఉంటుంది. వెనకటి తరం బావులను లోతు చేసిన కంప్రెషర్ ట్రాక్టరును గుర్తు తెచ్చుకొని, ట్రాక్టరు గాలి బండ కొట్టినప్పుడు లారీ గాలి ఎందుకు కొట్టదని అడిగేవారు, ఆ ట్రాక్టరు వెనక బిగించిన యంత్రాన్ని పట్టించుకోరు. అది ట్రాక్టరు సొంత గాలి కాదు. ట్రాక్టరు వెనక ఉండే పీటీవో షాఫ్టు, అంటే ఇంజను శక్తిని బయటి యంత్రాలకు అందించే ఇరుసు, దాన్ని తిప్పుతుంది. నిమిషానికి నూరు ఘనపుటడుగులకు పైగా గాలినిచ్చే ఆ కంప్రెషరు పనిచేస్తున్నంతసేపూ ట్రాక్టరు ఇంజను శక్తిలో పెద్ద భాగం దానికే పోతుంది, ట్రాక్టరు మరో పని చేయలేదు. బోరు బండి సంగతి ఇంకా స్పష్టం. దేశంలో గట్టి రాతిని తొలిచే గాలి రిగ్గులు 1966, 67ల కరవు తరువాత యూనిసెఫ్ సాయంతో ప్రవేశించి, కాలక్రమేణా ఈ మెట్ట ప్రాంతాల రూపాన్నే మార్చివేశాయి. బోరు రంధ్రం అడుగున ఉండి బండను పొడిచే సుత్తిని నడపడానికి నేటి రిగ్గుల్లో 1,100 ఘనపుటడుగులు, చదరపంగుళానికి 300 పౌన్ల పీడనం గల కంప్రెషర్లు సాధారణం, అంటే నిమిషానికి 31,000 లీటర్లు. ఆ కంప్రెషరుకు లారీ ఇంజనుతో సంబంధం లేని పెద్ద ఇంజను వేరే ఉంటుంది. ఆ బండి ఎక్కిన లారీకి కూడా బ్రేకుల కంప్రెషరు ఉంది, కానీ దాని గాలి సుత్తి వైపు వెళ్లదు. తాడిపత్రి నుంచి పొడి సిమెంటు తెచ్చే బల్కరు లారీలు కూడా ఇంతే; ట్యాంకరులోని సిమెంటును గాలితో ఊది బయటికి తోయడానికి వాటికి వేరే కంప్రెషరు అమర్చి ఉంటుంది, దానికి కావలసిన పీడనం బ్రేకుల పీడనంలో పావు వంతే అయినా సరే. అంత తక్కువ పీడనం చాలినప్పుడు కూడా ఎవరూ బ్రేకు ట్యాంకు నుంచి తీసుకోకపోవడానికి కారణం పరిమాణమే. గాలితో రోజూ బతుకు వెళ్లదీసేవారెవరూ బ్రేకు గాలి జోలికి పోవడం లేదు. దాన్ని సలహాగా ఇచ్చేవారు మాత్రం తగ్గడం లేదు.

ఖర్చు లేదన్న మాట కూడా పరీక్షకు నిలవదు. నిమిషానికి 250 లీటర్ల గాలిని ఎనిమిది బార్లకు కుదించడానికి చిన్న పిస్టను కంప్రెషరు రెండు కిలోవాట్లకు పైగా ఇంజను శక్తిని తీసుకుంటుంది, అందులో చాలా భాగం వేడిగా పోయి గన్ను మొన దగ్గర పనిగా మారేది పది పదిహేను శాతమే. పెద్ద లారీ ఇంజను ఊరికే తిరుగుతూ ఉన్నా గంటకు రెండు మూడు లీటర్ల డీజిలు కాలుతుంది. గాలి వేగంగా నిండాలని యాక్సిలరేటరు తొక్కి పట్టుకొంటే ఇంకా ఎక్కువ. ఊరికే వస్తుందనుకొన్న గాలికి నట్టు నట్టుకూ డీజిలు కాలుతూనే ఉంటుంది. ఈ ఖర్చు కంటికి కనబడకపోవడం దాని ప్రత్యేకత, అందుకే అది లేదని వాదించడం సులువైంది.

అసలు నష్టం డీజిలుది కూడా కాదు, కంప్రెషరుదీ, దాని తరువాత ఉండే ఆరబెట్టే యూనిటుదీ. లారీ కంప్రెషరు ఇంజను తిరిగినంతసేపూ తిరిగినా, గాలిని నింపే పని చేసేది అందులో కొద్ది భాగమే. పీడనం పై హద్దుకు చేరగానే అన్‌లోడరు వాల్వు దాన్ని భారం నుంచి విడుదల చేస్తుంది, మిగతా సమయంలో అది ఊరికే తిరుగుతూ చల్లబడుతుంది. మొత్తం సమయంలో పావు వంతుకు మించి భారం మోయకూడదన్నది తయారీదారులు సాధారణంగా పాటించే లెక్క. పనిముట్టు తగిలించి గంటల తరబడి నింపిస్తే సిలిండరు తల మీద వేడి పెరుగుతుంది, పిస్టను రింగుల పక్కనుంచి ఆవిరైన నూనె గాలితో కలిసి బయటికి వస్తుంది, ఆ నూనె వేడి గొట్టంలో మసిగా పేరుకొని దారి ఇరుకవుతుంది. ఇరుకైన గొట్టంలోంచి తోయాల్సి రావడంతో కంప్రెషరు మరింత వేడెక్కుతుంది. ఇది మొదలైతే ఆగే చక్రం కాదు.

మడకశిర గాలి పొడిగా ఉంటుంది, తేమ సమస్య సముద్రతీరం వారికే గాని మాకు లేదు అన్న మాట ఇక్కడ తప్పక ఎదురవుతుంది. పొడి గాలి అన్నది మామూలు పీడనం దగ్గర మాత్రమే చెల్లే మాట. వేసవి మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గర 30 శాతం తేమ గల ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 12 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని ఎనిమిది బార్ల గేజి పీడనానికి నొక్కితే అది తొమ్మిదో వంతు చోటులోకి కుదురుతుంది. తిరిగి ఆ వేడికే చల్లారాక ఆ చోటు మోయగలిగినది నాలుగైదు గ్రాముల ఆవిరే, మిగిలిన ఏడెనిమిది గ్రాములు నీరుగా దిగవలసిందే. ఈ నీటిని పట్టుకోవడానికే కంప్రెషరుకూ ట్యాంకులకూ మధ్య ఎయిర్ డ్రయ్యరు, అంటే తేమను పీల్చే గుళికలు నింపిన డబ్బా, ఉంటుంది. ఆ గుళికలు తాము పీల్చిన తేమను వదిలించుకొనేది కంప్రెషరు భారం దించుకొన్న క్షణాన. అప్పుడు కొంత పొడి గాలి వెనక్కి ఊది వాటిని ఆరబెడుతుంది, ఆ ఊదుడే బండి ఆగినప్పుడు అప్పుడప్పుడు వినిపించే తుస్సుమన్న చప్పుడు. గన్నో గ్రైండరో గాలిని లాగుతూ ఉంటే పీడనం పై హద్దుకు చేరదు, కంప్రెషరు భారం దించుకోదు, ఆ తుస్సు వినిపించదు. గుళికలు తడిసి నానిపోతాయి, నీరు నేరుగా బ్రేకు ట్యాంకుల్లోకి, వాల్వుల్లోకి పోతుంది. తుప్పు, రబ్బరు వాషర్ల చివుకుడు, వాల్వులు అతుక్కుపోవడం అక్కడి నుంచి మొదలవుతాయి. ఆ లారీ నెలల తరువాత మరెక్కడో, మరో డ్రైవరు చేతిలో, బ్రేకు సరిగా వదలక చక్రం వేడెక్కితే, ఎప్పుడో తీసిన నాలుగు నట్లకూ దీనికీ ముడి పెట్టేవారు ఉండరు. ఈ అభిప్రాయం ఇన్నాళ్లు బతకడానికి బహుశా ఇదే పెద్ద కారణం.

సాంకేతికంగా తెలిసినవారు ఇంకొక అడ్డు చెబుతారు: ఆధునిక లారీల్లో నాలుగు దారుల రక్షణ వాల్వు ఉంటుంది కదా, ముందు బ్రేకులు, వెనక బ్రేకులు, చేతి బ్రేకు, అదనపు పరికరాలు అని గాలిని విడదీసి ఒక దారిలో గాలి పోయినా మిగతావి ఖాళీ కాకుండా అది కాపాడుతుంది కదా, అదనపు పరికరాల దారిలోంచి తీసుకొంటే ప్రమాదమేమిటి? ఈ అభ్యంతరంలో నిజం ఉంది. తీసుకోక తప్పనప్పుడు ఆ దారిలోంచే తీసుకోవాలి. పైన చెప్పిన 13వ నిబంధన కూడా అదనపు పరికరాలు గాలి వాడుకోవడాన్ని నిషేధించదు, కంప్రెషరు చెడినా సరే వాటి వాడకం వల్ల బ్రేకుల నిల్వ నిర్ణీత హద్దు కిందికి దిగకూడదని మాత్రమే షరతు పెడుతుంది. అయితే రక్షణ వాల్వు కాపాడేది ఆ కింది హద్దును మాత్రమే. ఆ హద్దుకు పైన ఉన్న గాలి అన్ని దారులకూ ఉమ్మడిది. కంప్రెషరు వేడినీ, డ్రయ్యరు తడినీ ఆ వాల్వు ఆపలేదు. ఇక రోడ్డు పక్క జరిగే అమరికలో టీ జాయింటు అదనపు దారిలోనే పడుతుందన్న హామీ కూడా లేదు. చేతికి ఏ పైపు అందితే, ఏ ట్యాంకుకు ఖాళీ ముక్కు కనిపిస్తే అక్కడే బిగిస్తారు. గాలి తక్కువైందని చెప్పే బజరు మోగి మోగి విసుగెత్తిస్తే దాని వైరు పీకేసే అలవాటు కూడా తోడైతే రక్షణ వాల్వు గురించిన పాండిత్యమంతా వృథా.

బండి నిలిచి ఉన్నప్పుడు బ్రేకుకు గాలి అక్కరలేదన్న మాటకు సమాధానం ఇక్కడే ఉంది. నిలిచిన బండిని పట్టి ఉంచేది వెనక ఇరుసు మీది బలమైన స్ప్రింగు, గాలి పోయినా అది పట్టును వదలదు. కాబట్టి పని జరుగుతున్న వ్యవధిలో ప్రమాదం స్వల్పమేనని ఒప్పుకోవాలి. ప్రమాదం బండి కదిలినప్పటిది. స్ప్రింగును విడిపించేటంత గాలి ఎక్కగానే లారీ కదులుతుంది గానీ, ఎనిమిది తొక్కుల నిల్వ అప్పటికి నిండి ఉండదు. సరుకు ఆలస్యమైన డ్రైవరు ఆ మిగతా రెండు బార్లు ఎక్కేదాకా ఆగుతాడని నమ్మడం మనుషుల తీరు తెలియకపోవడమే.

ఇంతా చేసి ఆ నట్లు సరిగా బిగుస్తాయా అంటే అదీ అనుమానమే. గన్ను బిగించే బలం దానికి అందే పీడనాన్ని బట్టి మారుతుంది. చాలా గన్నులకు ఆరు బార్లకు పైన ఆగకుండా అందితేనే చెప్పిన బలం వస్తుంది. లారీ గాలితో పది నట్ల చక్రం బిగిస్తే మొదటి నట్టు ఎనిమిది బార్ల దెబ్బ తింటుంది, ఆరో నట్టు వచ్చేసరికి ఐదున్నర ఉంటుంది. 22 మిల్లీమీటర్ల లారీ నట్టుకు దాదాపు 600 న్యూటన్ మీటర్ల బలం అవసరమైన చోట ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా బిగిసిన చక్రం కదిలిన కొద్దీ వదులవుతుంది. చేతితో తిప్పే గేరు పానా, అంటే లోపలి పళ్ల చక్రాలతో చేతి బలాన్ని యాభై అరవై రెట్లు చేసే రెంచి, గాలీ కరెంటూ అక్కరలేకుండా ఎంత బిగుసుకున్న నట్టునైనా కదిలిస్తుంది. బిగింపును టార్కు రెంచితో ముగిస్తే పది నట్లూ ఒకే బలానికి వస్తాయి. గొట్టం తగిలించి పొడవు పెంచిన వీల్ పానాతో రోడ్డు మీద చక్రం మార్చిన పాత డ్రైవర్లు ఎగతాళి చేసినా, గాలి గన్నుకన్నా ఇవి నమ్మకమైన పనిముట్లు. బ్యాటరీ గన్నులు కూడా ఇప్పుడు లారీ నట్లకు చాలినంత బలంతో వస్తున్నాయి, వాటిని లారీ 24 వోల్టుల విద్యుత్తుతోనే ఛార్జి చేసుకోవచ్చు.

అలాగని లారీ గాలిని తాకనే కూడదని కాదు. టైరుకు గాలి పట్టడం దానికి తగిన పని, ఎందుకంటే టైరు తొందరపెట్టదు. 150 లీటర్ల కొలత గల పెద్ద టైరు పూర్తిగా నిండడానికి వెయ్యి లీటర్లకు పైగా మామూలు గాలి కావలసినా, నిమిషానికి వచ్చేంత గాలితోనే పది నిమిషాల్లో అది నిండుతుంది, మధ్యలో ఆగినా పాడయ్యేదేమీ లేదు. క్యాబిన్ దుమ్ము ఊదుకోవడం, గ్రీజు గన్ను నడపడం కూడా ఇలాంటివే. కొద్దిగా, ఆగి ఆగి తీసుకొనే పనులను మోసేటట్టు ఈ ఏర్పాటు తయారైంది. నిజంగా రోజూ గాలి పనిముట్లు వాడవలసిన బండికి, ఉదాహరణకు గుట్టల దగ్గర పనిచేసే టిప్పరుకు, తొట్టిని పైకెత్తే పంపు కోసం పీటీవో ముందే అమర్చి ఉంటుంది. అదే దారిలో సరైన పరిమాణం గల వేరు కంప్రెషరును పెట్టించుకొంటే గాలీ చాలుతుంది, బ్రేకుల జోలికీ పోనక్కర లేదు. దానికి డబ్బు ఖర్చవుతుంది. ఖర్చవుతుంది కాబట్టే బ్రేకు ట్యాంకు వైపు చూపు పోతోంది, కానీ ఆ ఖర్చు లారీ గాలి వాదనలో ఎక్కడికీ పోలేదు, కంప్రెషరు అరుగుదలలోనూ డ్రయ్యరు మార్పిడిలోనూ మరమ్మతు బిల్లుగా తిరిగి వస్తోంది.

ఇప్పటికే టీ జాయింటు వేయించుకొన్న లారీలు ఈ దారుల్లో తిరుగుతూనే ఉన్నాయి, వాటి విషయంలో ఒక పరీక్ష మాత్రం ఆలస్యం చేయదగ్గది కాదు. ట్యాంకులు పూర్తిగా నింపి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, చేతి బ్రేకు వదిలి, ఇంజను ఆపి గేజి వైపు చూస్తే, మంచి స్థితిలో ఉన్న బండిలో ముల్లు కదలికే పట్టుబడదు. అమెరికాలో ఒంటి లారీకి నిమిషానికి రెండు పౌన్లకు మించి, పెడలు తొక్కి పట్టినప్పుడు మూడు పౌన్లకు మించి పడకూడదని హద్దు పెట్టుకొన్నారు. బార్లలో చూస్తే అవి దాదాపు 0.14, 0.2 మాత్రమే. మన కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 96వ నియమం బ్రేకులు సక్రమంగా ఉండాలని కోరుతుంది గానీ, తరువాత ఎవరు ఎక్కడ టీ జాయింటు బిగించారో ఫిట్‌నెస్ పరీక్షలో పైపు పైపూ వెతికి చూసేవారు అరుదు. ముల్లు పై హద్దులకన్నా వేగంగా దిగుతుంటే సబ్బు నీళ్లు చల్లి మొదట చూడవలసిన చోటు ఆ జాయింటే. అక్కడ బుడగలు లేస్తే దాన్ని తీసేసి, తయారీదారు బిగించిన మూతను అదే ముక్కుకు తిరిగి బిగించి, డ్రయ్యరు గుళికల డబ్బాను మార్చి, ట్యాంకుల అడుగు మరలు విప్పి నీటిని బయటికి వదిలిన తరువాతే ఆ బండికి సరుకు ఎక్కించాలి.